పెట్టెలో దాచినవాడు సేకర్త కాడు

మడత చాకులు సేకరించేవాళ్ళలో ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. చాకు కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి, అట్టపెట్టె నలగకూడదు, అలుగు మీద గీత పడకూడదు, కాయ కోయడం అటుంచి దారప్పోగు కూడా తెంపకూడదు. అలా ఉంచగలిగినవాడే అసలైన సేకర్త అంటారు. దీనికి తోడు ఇంకో రెండు షరతులు. చాకు పేరున్న కంపెనీది, వీలైతే విదేశానిది అయి ఉండాలి. ఎన్ని ఉంటే, ఎంత ఖరీదైనవి ఉంటే అంత పెద్ద సేకర్త. ఈ అభిప్రాయం ఎక్కడో పుట్టి ఇప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి దాకా వచ్చేసింది. ఓడల మీద, గల్ఫులో వెల్డింగు పనుల్లో, సైన్యంలో ఉండి సెలవుకి వచ్చే ఈ ఉద్దానం తీరప్రాంతపు కుర్రాళ్ళ సంచుల్లో ఎర్రపిడి స్విస్ చాకు కనబడటం ఇవాళ వింతేమీ కాదు. వాళ్ళలో చాకుల మీద నిజంగా మనసు పడ్డవాళ్ళున్నారు. వాళ్ళ మనసుని ఈ అభిప్రాయం తప్పుదారి పట్టిస్తోంది. అందుకే చూస్తూ ఊరుకోకుండా దీన్ని ఖండించాలి.

నేననేది ఇదీ. చాకుని పనిలో ఎరిగినవాడు, దాన్ని పనికి నిలబెట్టినవాడు, ఎవరు చేశారో ఎవరు వాడారో రాసిపెట్టినవాడు, అడిగినవాళ్ళ చేతికిచ్చి చూపించినవాడు సేకర్త. ఇవేవీ చేయకుండా డబ్బు పెట్టి కొని తాళం వేసుకున్నవాడు కొనుగోలుదారు. అతని డబ్బు, అతని పెట్టె, అతనిష్టం. కానీ ఆ కొనుగోలుదారునే సేకర్తకి కొలబద్దగా నిలబెట్టి, వాడిన చాకు పట్టుకున్నవాణ్ణి చూసి పెదవి విరవడం మాత్రం అన్యాయం.

అవతలివాళ్ళ వాదాన్ని ముందు దాని పూర్తి బలంతోనే చెప్పుకుందాం. వాడితే వస్తువు అరుగుతుంది. నూరిన ప్రతిసారీ కాస్త ఉక్కు పోతుంది. ఏళ్ళ తరబడి నూరిన చాకు అలుగు సగానికి సగం సన్నబడిపోతుంది. అప్పుడు దాని మొదటి ఆకారం ఏమిటో, తయారుచేసినవాడు మొనకిచ్చిన వంపు ఏమిటో ఎవరికీ తెలియదు. కాబట్టి ఎక్కడో ఒకచోట చెక్కుచెదరని నమూనా ఉండాలి. ఇది న్యాయమైన మాట, ఒప్పుకుని తీరాలి. ఒక రకానికి ఒక కొత్త నమూనా దాచడం మంచిదే. కానీ ఆ వాదం నుంచి రాబట్టుకోగలిగింది అంతవరకే. నమూనా ఒకటి ఉండాలన్నంత మాత్రాన ప్రతి చాకూ నమూనాగానే పడి ఉండాలని రాదు. వాడిన చాకుకి విలువ లేదన్నది అసలే రాదు.

పైగా కర్మాగారంలో ఒకే అచ్చున దిగిన వెయ్యి చాకుల్లో కొత్తవి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. పలాసలో ఒక పెట్టెలో ఉన్నదీ పారిస్‌లో ఒక పెట్టెలో ఉన్నదీ ఒక్కటే. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. చాకు మనిషి చేతిలో పడ్డాకే మిగతావాటి నుంచి విడిపడుతుంది. ఏ చేతివాటం మనిషి, ఏం కోశాడు, ఎలా నూరాడు, ఎక్కడ భద్రపరిచాడు అన్నవన్నీ దాని ఒంటి మీద ఎక్కుతాయి. ఒకేలాంటివి పోగేసుకోవడం గోదాము చేసే పని. తేడాలు పట్టుకోగలగడం, ఆ తేడాలకి కారణం చెప్పగలగడం సేకర్త పని.

ఉద్దానంలో మాజీ సైనికుల ఇళ్ళలో కనబడే ఒక చాకు సంగతి తీసుకుందాం. బ్రిటిష్ సైన్యపు నమూనా మీద మన సైన్యానికీ వచ్చిన జాక్ నైఫ్ అది. గళ్ళు గళ్ళుగా గరుకు చేసిన నల్లటి పిడి. చివర తాడు కట్టుకోవడానికి ఇనప కొంకి. ఒక వైపు పొట్టిగా వెడల్పుగా ఉండే అలుగు, దాని పక్కన డబ్బా మూత కోసే పలక. వెనక వైపు మడిచిపెట్టిన లావుపాటి ఇనప మొన. ఆ మొన ఎందుకో చాకుని పెట్టెలో చూసినంత కాలం బోధపడదు. తాడు పురుల మధ్య దూర్చి వాటిని విడదీయడానికి, బిగుసుకున్న ముడిని వదులు చేయడానికి నావికుల కోసం పుట్టిన సాధనం అది. సైనికుడితో పాటు అది సముద్రపు ఒడ్డుకి చేరాక తన పాత వృత్తిలోకే దిగుతుంది. తడిసి రాయిలా బిగిసిన ముడినైనా, కొబ్బరిపీచు తాడు పురినైనా ఆ మొన ముందు పెడితే దాని పని అదే చెబుతుంది.

అలాంటి చాకొకటి చేతిలోకి తీసుకుని చూశాను. మొన కొస తళతళా మెరుస్తోంది, దాని మొదలు మాత్రం నల్లగా ఉంది. అంటే అలుగు కంటే ఆ మొనకే పని ఎక్కువ పడింది. పిడి మీద గళ్ళు ఒకవైపు ఇంకా గరుకుగా ఉన్నాయి, కుడిచేతి బొటనవేలు ఆనే చోట నున్నగా అరిగిపోయాయి. అలుగు మొదట్లో వెడల్పు తగ్గలేదు, మధ్య నుంచి మొన దాకా లోపలికి వంపు తిరిగింది. పిడి దగ్గరి భాగం సానరాతికి అందక మిగిలిపోతే ముందు భాగం మాత్రమే నూరుడుకి తగ్గుతుంది. బల్లకి బిగించిన పెద్ద సానరాయి కాకుండా చేతిలో పట్టుకునే చిన్న రాయి మీద, ఒకే తీరున, చాలాకాలం నూరిన మనిషి గుర్తు అది. గోరు పెట్టి అలుగు లాగే గాడి అంచు కరిగి గుండ్రమైంది. అలుగు విప్పితే టప్పున నిలబడుతోంది, వెనక స్ప్రింగు ఇంకా బిగువు తప్పలేదు. ఇంత చరిత్ర ఉన్న చాకుని పెట్టె సేకర్తలు "అరిగిపోయిన సరుకు" అంటారు. వాళ్ళ ధరల పట్టికలో దీనికి చివరి మెట్టు. అదే రకం చాకు గ్రీజు కాగితంలో విప్పకుండా దొరికితే మొదటి మెట్టు. ఏది ఎక్కువ చెబుతోందో చదివేవాళ్ళే నిర్ణయించండి.

మడత చాకు ఒక యంత్రం కూడా. రివిటు, స్ప్రింగు, అలుగు మొదట్లో స్ప్రింగు మీద జారే మలుపు, పిడిలో అలుగు పడుకునే సందు, ఇవన్నీ ఒకదానికొకటి కుదిరితేనే చాకు. ఆ కుదురు కంటికి కనబడదు, చేతికి తెలుస్తుంది. సగం విప్పినప్పుడు ఆగుతుందా, మూసేటప్పుడు అంచు స్ప్రింగుకి తగిలి మొద్దుబారుతోందా, పక్కకి ఊపితే కదులుతోందా అన్నది విప్పి మూస్తేనే పట్టుబడుతుంది. గట్టిది ఏదైనా కోస్తే గాని రివిటు సత్తువ బయటపడదు. విప్పకుండా, కోయకుండా చాకు గురించి తీర్పు చెప్పేవాడు పెట్టె మీద అచ్చేసింది చదువుతున్నాడు. అది ఎవరైనా చదువుతారు.

ఇక మన తీరం సంగతి. చాకుని వాడకుండా పెట్టెలో ఉంచితేనే భద్రం అన్న మాట ఏ చలిదేశంలోనో నిజం కావచ్చు. నౌపడా ఉప్పు మడుల నుంచి భావనపాడు, బారువ, ఇచ్ఛాపురం దాకా ఉప్పుగాలి తగిలే ఈ నేల మీద అది తిరగబడుతుంది. మూసిన పెట్టెలో చేరిన చెమ్మ బయటికి పోదు. చాకుతో పాటు ఇచ్చే తోలు సంచి ఆ చెమ్మని పీల్చుకుని అలుగుకి అంటించి కూర్చుంటుంది. తోలు పదును చేయడానికి వాడిన రసాయనాలు దానికి తోడవుతాయి. పైకి కొత్తగా కనిపించే చాకు లోపల, రివిటు దగ్గర, కంటికి కనబడని సందులో తుప్పు పట్టడం మొదలవుతుంది. తుప్పు పట్టని ఉక్కు అన్న పేరు చూసి ధీమా పడటానికీ లేదు. ఉప్పు తగిలితే దాని మీద కూడా సూదిపోట్ల లాంటి గుంటలు పడతాయి. రోజూ విప్పి, కోసి, పొడిగుడ్డతో తుడిచి, కీలులో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసే చాకుకి ఆ గతి పట్టదు. ఇంట్లో సులువుగా దొరుకుతుందని కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్ళకి అది చిక్కబడి జిగురవుతుంది, దుమ్ము పట్టి కీలు బిగుసుకుంటుంది. కొబ్బరితోటల మధ్య పుట్టినవాళ్ళు ముందు నేర్చుకోవాల్సిన పాఠం అది. ఇలాంటి పాఠాలన్నీ వాడకంలో వస్తాయి, పెట్టె మూత మీద రాసి ఉండవు.

పనస ఉద్దానానికి పేరు తెచ్చిన పంట. పనసకాయ కోసే ముందు చేతికీ కత్తికీ నూనె పూయకపోతే ఏమవుతుందో ఇక్కడి పిల్లలకి కూడా తెలుసు. ఆ పాలు మడత చాకు సందులోకి దిగితే గట్టిపడి అలుగుని పట్టేస్తాయి. నీళ్ళకి వదలవు, నూనెతో తుడిస్తేనే దారికొస్తాయి. మామూలు ఉక్కు చాకుతో పచ్చిమామిడికాయ కోస్తే ఆ పులుపుకి అలుగు మీద నీలం, బూడిద రంగులు తేలుతాయి. జీడిపండు వగరు తగిలితే నలుపెక్కుతుంది. ఆ నల్లటి పొర పలచగా, నిలకడగా ఏర్పడితే ఎర్రతుప్పుని కొంతవరకు ఆపుతుంది కూడా. మెరుపే విలువ అనుకునేవాడికి అది మురికి. గరుకు కాగితం పెట్టి తోమేస్తాడు. తోమితే పోయేది ఆ చాకు ఏ తోటలో పనిచేసిందో చెప్పే సాక్ష్యం, పైగా దాని రక్షణ పొర. కొత్తదాన్ని పెట్టెలో బిగించేవాడూ పాతదాన్ని తోమి కొత్తదిలా చేసేవాడూ చేస్తున్నది ఒక్క పనే. ఇద్దరూ మనిషి చేతి గుర్తుని సహించలేరు.

విదేశీ కంపెనీల పేర్లు జపించేవాళ్ళు ఆ కంపెనీల చరిత్రని కాస్త తెరిచి చూస్తే బాగుండు. ఇవాళ సేకర్తలు వరస తప్పకుండా కొనే ఒపినెల్ చాకుని జోసెఫ్ ఒపినెల్ 1890లో ఫ్రాన్సులోని సావోయ్ కొండప్రాంతంలో తయారుచేశాడు. పనిముట్లు కొట్టే కొలిమి కుటుంబం ఆయనది. చెక్కపిడి, ఒక అలుగు, ఒక రివిటు. రైతులు రొట్టె, జున్ను కోసుకోవడానికి, కొమ్మలు చెక్కుకోవడానికి కొనుక్కున్న చవక చాకు. 1897 నాటికి 1 నుంచి 12 దాకా సైజులు వచ్చాయి. తెరిచిన అలుగు వేళ్ళ మీద మూసుకోకుండా పట్టే తిరుగుడు కడియం 1955లో చేరింది. ఆ కడియం ఎవరి షోకేసు కోసం వచ్చింది కాదు, పని చేసుకునేవాడి వేళ్ళు తెగకుండా వచ్చింది. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సనర్ 1891లో సైన్యానికి చాకులు అందించింది సిపాయి డబ్బా మూత విప్పుకోవడానికి, తుపాకి విప్పి బిగించుకోవడానికి. జపానులో మికి పట్టణంలో పుట్టిన హిగోనోకామి బడిపిల్లలు పెన్సిలు చెక్కుకునే చాకు. పిల్లల దగ్గర చాకులు ఉండకూడదన్న పట్టుదల అక్కడ పెరిగాక ఆ జేబులు ఖాళీ అయ్యాయి. తయారీదారులు తగ్గి తగ్గి, ఆ పేరు పెట్టుకునే హక్కున్నవాళ్ళు ఇవాళ ఒక్కరే మిగిలారు. పేరు ప్రపంచమంతా తెలుసు, పెట్టెల్లో వేలకి వేలు ఉన్నాయి. అయినా ఆ చేతిపని ఒక్క గడపకి వచ్చి ఆగింది. వాడకం పోయాక కేవలం దాచుకునేవాళ్ళ మీద ఏ పనితనమూ నిలవదు.

మన దేశంలో రాంపురి చాకు కథ కూడా దీనికి దూరం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో నవాబుల కాలం నుంచి ఎదిగిన పనితనం అది. హిందీ సినిమాలు దాన్ని గూండా చేతిలో పెట్టి ఊరూరా తిప్పాయి. 1990లలో నాలుగున్నర అంగుళాలు దాటిన అలుగు మీద ఆంక్ష వచ్చింది, కొలుములు చల్లబడ్డాయి. 2023 మార్చిలో అదే ఊళ్ళో ఒక కూడలిలో 20 అడుగుల చాకు నిలబెట్టి దానికి చాకూ చౌక్ అని పేరు పెట్టారు. చాకుని చూసేదిగా మార్చి, చేసే చేతుల్ని వదిలేస్తే జరిగేది అదే. పెట్టె సేకర్త తన ఇంట్లో చిన్న ఎత్తున చేస్తున్నదీ అదే.

విదేశీ చాకు మాత్రమే సేకరణకి తగినది అనేవాళ్ళని ఒక్క ప్రశ్న అడగాలి. మన ఊళ్ళలో ఎప్పటినుంచో మడిచే అలుగు పట్టుకున్నదెవరు? నాయీబ్రాహ్మణులు. పిడిలోకి మడుచుకునే మంగలి కత్తి తరతరాలుగా ఊరి గడ్డాలు గీసింది. మధ్యలో గుల్లగా చెక్కి వెన్ను మందంగా ఉంచిన ఆ అలుగు పదును, దాన్ని రాతి మీద నూరి తోలుపట్టీ మీద సాగదీసే ఒడుపు చాకుల లోకంలో చాలా పైమెట్టు విద్య. ఎయిడ్స్ భయం వచ్చాక సగం బ్లేడు బిగించుకునే కత్తులు దిగాయి. ఆరోగ్యానికి అది మంచిదే. కానీ పాత కత్తులు పొదుల్లోనే మూలపడ్డాయి, కొన్ని పాతఇనుము బండెక్కాయి. వాటి మొదట్లో ఏ ముద్ర ఉందో, ఎన్ని తరాల చేతులు మారాయో అడిగి రాసుకున్న సేకర్త ఎవరు? ఆ కత్తిలాంటిదే ఏ జర్మన్ కంపెనీ పేరుతోనో అందమైన డబ్బాలో వస్తే కళ్ళకద్దుకుని కొంటారు. మన ఊరి పొదిలోంచి వస్తే "అది మంగలి సామాను" అని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ఇక్కడ అడ్డుపడుతున్నది ఉక్కు నాణ్యత కాదు, కులం. సేకర్త అనిపించుకోవాలంటే ముందు ఆ చెయ్యి ముందుకు చాచాలి.

మడిచే అలుగు దక్షిణాదికి పరాయిదీ కాదు. తాటాకు మీద రాసే రోజుల్లో తమిళనాట మడిచే గంటం ఒకటుండేది. పిడిలోంచి ఒకవైపు ఆకు మీద గీసే సూది, ఇంకోవైపు ఆకు అంచు కోసే కత్తి బయటికొచ్చేవి. చదువుకున్నవాడి నడుముకి వేలాడిన మడత చాకు అది. తాటిచెట్లకి కొదవలేని ఈ తీరంలో, తాటాకు మీద రాత బాగా సాగిన ఒరియా నేలని ఆనుకుని ఉన్న ఈ ఊళ్ళలో, పాత ఇళ్ళ భోషాణాల్లో గంటాలు వెతికే ఓపిక ఉంటే చాకుల చరిత్రలో ఒక పేజీ మనవాళ్ళే రాయొచ్చు. దానికి విదేశం నుంచి పార్సిలు రానక్కర్లేదు.

మడిచే చాకుని తెలుసుకోవాలంటే మడవని చాకునీ ఎరగాలి. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో ఆడవాళ్ళు పప్పు మీది ఎర్రటి పొర తీసే చిన్న చాకుని దగ్గర నుంచి చూడండి. గుండుగా ఉన్న పప్పుకి ఒక ధర, విరిగి బద్ద అయితే ఇంకో ధర. డబ్ల్యూ 180, 210, 240, 320 అని గ్రేడులు కట్టేది ఒక పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయన్న లెక్క మీద. ఆ చాకు పొర కింద దూరాలి, పప్పు మీద గాటు పెట్టకూడదు. అతి పదును పెడితే పప్పు తెగుతుంది, మొద్దుబారితే పొర రాదు. ఆ రెండింటి మధ్య పదునుని ఏ కొలతా లేకుండా వేలికొసతో పట్టుకునే మనిషికి చాకు గురించి తెలిసినంత, వంద పెట్టెలున్న మనిషికి తెలుసా? తెలియదు. అయినా మన వాడుకలో ఆమె కూలి, అతను నిపుణుడు. ఈ తలకిందుల లెక్కని సరిచేయడమే నా తగువు.

సేకరణ అంటే ఏమిటో మన జిల్లాకి వేరే ఎవరో వచ్చి చెప్పనక్కర్లేదు. కథారచయిత కాళీపట్నం రామారావు మాస్టారు శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. అవార్డులుగా వచ్చిన డబ్బు కూడా దానికే పెట్టారు. అరుదైన ప్రతుల్ని అద్దాల వెనక పెట్టి మురిసిపోయే గది కాదది. తెలుగులో అచ్చయిన కథ ఏదీ పోకూడదన్నది ఆయన పట్టు. పేరున్న రచయిత కథ, పేరు లేని రచయిత కథ, నాలుగు సంచికలు వచ్చి ఆగిపోయిన పత్రికలోని కథ, అన్నిటికీ అక్కడ చోటుంది. ఏ కథ ఎక్కడ ఎప్పుడు వచ్చిందో రాసిపెట్టారు, పరిశోధనకి వచ్చినవాళ్ళ ముందు పరిచారు. 2021లో ఆయన పోయాక కూడా ఆ పని ఆగలేదు. మనిషితో పోని సేకరణ అంటే అదీ. పుణెలో దినకర్ కేల్కర్ కూడా ఇదే తోవ తొక్కారు. దీపపు కుందెలు, వంటింటి సామాను, వక్కలు కత్తిరించే అడకత్తెరలు ఊరూరా తిరిగి పోగుచేశారు. చనిపోయిన కొడుకు రాజా పేరున మ్యూజియం పెట్టి దాన్ని మహారాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చేశారు. ఆ అడకత్తెరల్లో వాడనివి ఏరుకుని దాచి ఉంటే ఇంట్లో మనుషులు ఎలా బతికారన్నది ఆ మ్యూజియం చెప్పగలిగేది కాదు.

"సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నవన్నీ వాడేవా?" అని ఎదురడగొచ్చు. హైదరాబాదులో అక్కడ జనం ఆగి చూసే చాకుల్లో ఒకటి నూర్జహాన్‌ది. పచ్చరాతి పిడితో ఉన్న ఆ చాకు పండ్లు కోసుకునేదని చెప్పే చూపిస్తారు. రత్నాల ఖరీదు కంటే ముందు అది ఎవరి చేతిది, దేనికి వాడేది అన్నదే చెబుతారు. మహారాణి చాకుకి కూడా విలువ వచ్చింది పేరుతో, పనితో కలిపే. కవిటిలో వల అల్లుకునే మనిషి చాకుకి కూడా ఆ రెండు మాటలు రాసిపెట్టే బాధ్యత సేకర్తది.

ధర సంగతికి వస్తే, పెట్టెలో ఉంచిన చాకు ధర పెరుగుతుంది, అది పెట్టుబడి అని కొందరంటారు. పెరగొచ్చు. ధర పెరగడమే కావాలంటే బంగారం ఉంది, టెక్కలి రోడ్డు పక్క స్థలాలున్నాయి. వాటికి నూనె వేసే పని కూడా లేదు. పెట్టుబడికి సేకరణ అన్న పేరు తగిలించి, చాకుల మీద ప్రేమతో వచ్చిన కుర్రాణ్ణి ధరల వేటలోకి దింపకండి. జీతంలోంచి మిగుల్చుకుని కొన్న ఒక్క చాకుతో రోజూ పని చేసుకుంటూ, దాని ఉక్కు ఏమిటో, ఏ రాతికి ఎలా లొంగుతుందో నేర్చుకున్నవాడు ఇప్పటికే సేకర్తల వరసలో ఉన్నాడు. రెండో చాకు కొన్నప్పుడు అతనికి పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. వంద పెట్టెలవాడికి ఆ మొదటి ఆధారమే లేదు.

ఇంకో భయం ఉంది. చాకులు పోగేసేవాడంటే ఊళ్ళో అనుమానంగా చూస్తారని, కాబట్టి గుట్టుగా దాచుకోవడమే మేలని. ఆయుధాల చట్టం కింది నియమాలు 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు మించిన అలుగుల్ని పట్టించుకుంటాయి, ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవాటిని వదిలేస్తాయి. జేబులో మడత చాకు ఆ కొలతలకి చాలా లోపలిది. స్థానికంగా ఆంక్షలున్న చోట, రైళ్ళూ విమానాల దగ్గర నియమం పాటించాల్సిందే. కానీ అనుమానం పోయేది దాచుకోవడం వల్ల కాదు. ఎందుకు సేకరిస్తున్నావని అడిగితే "ఇది పచ్చిమామిడికి, ఇది వలతాడుకి, ఇది ఫలానా ఆయన సైన్యంలో వాడింది" అని విప్పి చూపించగలిగినవాణ్ణి ఎవరూ అనుమానించరు. పని చెప్పలేని చాకే భయపెడుతుంది.

ఇదంతా ఇప్పుడే ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, ఉద్దానంలో చేతులు కాలుతున్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. దానికి ఐదేళ్ళ ముందు, 2013 అక్టోబరు 12న, ఫైలిన్ కొట్టిన దెబ్బ నుంచి తేరుకుంటున్న కొబ్బరి, జీడి, పనస తోటలు మళ్ళీ నేల కూలాయి. కొబ్బరి మొక్క నాటితే కాపు చూడటానికి ఏళ్ళు పడుతుంది. చెట్టు పడిపోయినచోట చెట్టెక్కే మనిషికి పని ఉండదు, అతని కత్తికీ ఉండదు. మూత్రపిండాల జబ్బు ఇంకోవైపు నుంచి ఈ ఊళ్ళలో పనిచేసే వయసు మగవాళ్ళని తీసుకుపోతోంది. తండ్రి పోయాక అతని చాకు ఏమిటో, ఎక్కడ కొన్నాడో, ఏ రివిటు ఏ కమ్మరి మార్చాడో చెప్పేవాళ్ళు ఉండరు. పిల్లలు బతుకుతెరువుకి దూరదేశాలు పోతారు. చాకు పాతఇనుములోకి పోతుంది, కిలోకింతని. పెట్టెలో ఉన్న విదేశీ చాకుని కాపాడటానికి ఆ కంపెనీ ఉంది, దాని పుస్తకాలున్నాయి, ప్రపంచం నిండా దాని అభిమానులున్నారు. ఉద్దానం చాకుకి ఉద్దానంవాళ్ళు తప్ప దిక్కు లేదు.

అందుచేత నిజమైన సేకర్తని గుర్తుపట్టడానికి నా కొలతలు ఇవి. తన చాకుని తానే నూరుకోగలడా? దానితో ఏం కోయాలో, ఏం కోయకూడదో తెలుసా? పాతదాన్ని పనికి తెచ్చేటప్పుడు దాని మీది గుర్తుల్ని చెరపకుండా ఆగగలడా? వదులైన రివిటుని తానే బిగించలేకపోతే కొలిమి దగ్గరికి తీసుకెళ్ళి, ఎలా బిగిస్తున్నాడో కమ్మరి దగ్గర కూర్చుని చూశాడా? ప్రతి చాకుకీ ఎదురుగా నాలుగు ముక్కలు రాశాడా: చేసినవాడు, వాడినవాడు, పని, చేతికి వచ్చిన ఏడు? తెలియని గడిని ఖాళీగా ఉంచే నిజాయితీ ఉందా? బడిపిల్లవాడు వచ్చి అడిగితే విప్పి చేతిలో పెట్టి, వేళ్ళు ఎక్కడ ఉంచాలో నేర్పగలడా? వీటికి అవునన్నవాడి దగ్గర మూడు చాకులే ఉన్నా అతను సేకర్త. కాదన్నవాడి దగ్గర మూడొందలున్నా కాడు.

ఓడ మీంచి, గల్ఫు నుంచి, సరిహద్దు నుంచి వచ్చే ఉద్దానం కుర్రాళ్ళారా, మీ ఎర్రపిడి చాకు పెట్టెలోంచి తీయండి, పని చెప్పండి. ఈసారి సెలవుకి వచ్చినప్పుడు కొత్త చాకు కొనే డబ్బులో కొంతైనా ఒక నోటుపుస్తకానికి, ఊళ్ళో నాలుగిళ్ళు తిరగడానికి పెట్టండి. తాతల జాక్ నైఫులు, పొదుల్లోని కత్తులు, భోషాణాల్లోని గంటాలు, తల్లుల జీడి చాకులు ఎవరివో అడిగి రాయండి. వాళ్ళు ఇస్తే తీసుకోండి, ఇవ్వకపోతే ఫొటో తీసి రాసుకోండి. చాకు మీ పెట్టెలోకి రాకపోయినా దాని కథ మీ పుస్తకంలోకి వస్తే మీ సేకరణ పెరిగినట్టే. ఆ పుస్తకం లేనిది, ఎంత ఖరీదైనా, తరవాతి కొనుగోలుదారు కోసం కాచుకున్న సరుకు మాత్రమే.